నిలబడమని చెప్పిన మీరు పక్కన నిలబడండి: సంఘ కాపరులకు, పెద్దలకు బహిరంగ లేఖ

సంఘ కాపరులకు, పెద్దలకు, యువజన కూటాలు నడిపించే సహోదర సహోదరీలకు ప్రభువు నామమున వందనాలు.

నేను కాపరిని కాను, సంఘ పెద్దను కాను. చాలా ఏళ్ళుగా యౌవనస్థులతో కూర్చుని వాక్యం చదువుతున్న ఒక విశ్వాసిని. వాళ్ళు మీతో చెప్పుకోలేనివి నాతో చెప్పుకుంటారు. వాళ్ళ అనుమతితోనే ఈ లేఖ రాస్తున్నాను.

‘మీరు ఈ లోక మర్యాదను అనుసరింపక’ అని రోమా పత్రిక పన్నెండో అధ్యాయం నుంచి మీరు చదివినప్పుడు మా పిల్లలు మనసారా ఆమేన్ అంటారు. కొందరు కన్నీళ్ళతో ముందుకు వచ్చి మోకరిస్తారు. ఆ కన్నీళ్ళు నిజమైనవే, ఆ తీర్మానమూ నిజమైనదే. కాని అది ఆదివారం. సోమవారం పొద్దున వాళ్ళలో ప్రతి ఒక్కరూ ఒక తరగతి గదిలోకో, ఒక కార్యాలయంలోకో ఒంటరిగా అడుగుపెడతారు. ఆ సోమవారం గురించే నా బాధంతా.

నేను చెప్పదలచింది ఒక్కటే. లోకం పోకడకు తలవంచవద్దని బోధించే సంఘం, తలవంచనివాళ్ళు పోగొట్టుకున్నదానిలో పాలు పంచుకోవాలి. అంతవరకూ రాని బోధ సగం బోధే.

ఒత్తిడి అనగానే మన ప్రసంగాల్లో సింహాల గుహ, అగ్నిగుండం కనబడతాయి. మన పిల్లలు రోజూ ఎదుర్కొనేది చాలావరకు అలా ఉండదు. అందరూ నవ్విన ఒక నీచమైన మాటకు తాను నవ్వకపోతే ఆ ముఖాలన్నీ ఒక్క క్షణం తన వైపు తిరుగుతాయి. ఎదుట లేని మనిషిని నలుగురూ చీల్చి చెండాడుతుంటే మౌనంగా కూర్చున్నందుకు ‘నువ్వేదో పెద్ద పవిత్రురాలివైనట్టు’ అన్న మాట వస్తుంది. తర్వాత పిలుపులు తగ్గుతాయి. తనకు తెలియకుండా ఇంకో గుంపు తయారవుతుంది. ఎవరూ కొట్టరు, ఎవరూ విశ్వాసం వదులుకోమని అడగరు. ‘ఇంత చిన్న విషయానికా?’ అని మాత్రం అడుగుతారు. పదిసార్లు ఆ ప్రశ్న విన్నాక మనిషి తనకు తానే అదే ప్రశ్న వేసుకోవడం మొదలుపెడతాడు. అక్కడే పట్టు సడలుతుంది.

ప్రేమ రూపంలో వచ్చే ఒత్తిడి ఇంకా బరువైనది. క్రీ.శ. 203లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో పెర్పెతువా అనే యువతిని క్రైస్తవురాలైనందుకు చెరలో వేశారు. వయసు ఇరవై రెండేళ్ళు, పాలు తాగే బిడ్డ ఉన్నాడు. ఆమె స్వయంగా రాసినట్టుగా మనకు అందిన కథనం చదవండి. ఆమెను ఎక్కువగా కుంగదీసింది కాపలావాళ్ళు కాదు, కన్నతండ్రి. నెరసిన నా తలను చూసైనా జాలిపడమన్నాడు. ఆమె చేతులు ముద్దుపెట్టుకున్నాడు, కాళ్ళ మీద పడ్డాడు. కూతురా అనడం మాని దొరసానిని పిలిచినట్టు పిలిచాడు. ఆయనను చూసి తాను ఎంత దుఃఖపడిందో ఆమె దాచుకోలేదు. ఇంట్లోవాళ్ళ కన్నీళ్ళను ‘లోకం’ అన్న ఒక్క మాటతో తోసిపారేసే బోధకులు ఈ కథనాన్ని నెమ్మదిగా చదవాలని నా కోరిక. ప్రేమించేవాళ్ళకు కాదని చెప్పడంలో నొప్పి ఉంటుంది. ఆ నొప్పి విశ్వాసం తక్కువైనందుకు వచ్చింది కాదు.

ఇక్కడ ఒక ప్రయోగం గురించి చెప్పాలి. అది వాక్యం కాదు, కాని మన పిల్లల్ని అర్థం చేసుకోవడానికి అంతకంటే మంచి సహాయం నాకు దొరకలేదు. 1950ల తొలి సంవత్సరాల్లో అమెరికాలో సోలమన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి రెండు కార్డులు చూపించాడు. ఒక కార్డు మీద ఒక గీత, రెండో కార్డు మీద మూడు గీతలు. ఆ మూడింటిలో మొదటి గీతతో సమానమైనది ఏదో చెప్పాలి. చిన్నపిల్లలు కూడా చెప్పగలిగేంత తేలిక. ఒంటరిగా అడిగితే తప్పులు నూటికి ఒకటి కూడా రాలేదు. కాని ఆ గదిలో ఒక్కరు తప్ప మిగిలినవాళ్ళంతా ఆష్ ముందుగా మాట్లాడి పెట్టుకున్నవాళ్ళే. కొన్నిసార్లు చూపించాక వాళ్ళంతా ఒకరి తర్వాత ఒకరు, గొంతు వణక్కుండా, తప్పు గీతను చూపించారు. అప్పుడు ఆ ఒక్కరి వంతు వచ్చేది. అలాంటి సందర్భాల్లో వచ్చిన జవాబుల్లో దాదాపు మూడో వంతు గుంపు వైపే మొగ్గాయి. నలుగురిలో ముగ్గురు కనీసం ఒక్కసారైనా తమ కళ్ళు చూసినదాన్ని కాదన్నారు. బెదిరింపు లేదు, బహుమతి లేదు, వాళ్ళు మళ్ళీ కలుస్తారో లేదో తెలియని మనుషులు. అంతమంది ఒక మాట అనడమే సరిపోయింది.

నన్ను ఆపేసింది దాని తర్వాతి భాగం. ఆ గదిలో నిజం చెప్పే మనిషిని ఇంకొక్కరిని కూర్చోబెట్టారు. ఒక్కరినే. గుంపుకు లొంగిన జవాబులు అంతకుముందు వచ్చినవాటిలో నాలుగో వంతుకు పడిపోయాయి. ఆ తోడు మనిషి మధ్యలో ఏదో పని ఉందని లేచి వెళ్ళిపోయినా, అతడిచ్చిన ధైర్యం చాలావరకు మిగిలింది. అదే మనిషి గదిలోనే ఉంటూ గుంపు వైపు చేరిపోతే, ఆ ధైర్యం ఒక్కసారిగా మాయమైంది.

పెద్దలారా, ఈ చివరి సంగతి మీరు ఒంటరిగా ఉన్నప్పుడు ఆలోచించండి. యౌవనస్థుడి పక్కన నిలబడాల్సినవాడు చనిపోయినా, దూరమైనా ఆ సాక్ష్యం పనిచేస్తూనే ఉంటుంది. పక్కనే ఉండి అటువైపు మాట్లాడితే మాత్రం అది మిగలదు.

వాక్యం ఈ విషయాన్ని ఎప్పుడో చెప్పింది. నేను ఒక్కడినే మిగిలానని ఏలీయా మొరపెట్టుకున్నప్పుడు దేవుడు ముందు అతణ్ణి నిద్రపోనిచ్చాడు, తిండి పెట్టాడు. తర్వాత బయలు అనే దేవతకు మోకరించనివాళ్ళు ఏడు వేలమంది ఉన్నారని చెప్పి, ఎలీషా అనే ఒక మనిషిని తోడిచ్చాడు. కల చెప్పకపోతే జ్ఞానులందరినీ చంపుతారని తెలిసిన రోజున దానియేలు చేసిన మొదటి పనుల్లో ఒకటి, ఇంటికి వెళ్ళి హనన్యా, మిషాయేలు, అజర్యాలకు సంగతి చెప్పి కలిసి ప్రార్థించమని అడగడం. ప్రభువు శిష్యులను ఇద్దరిద్దరిగా పంపాడు. గెత్సేమనేలో తానే ముగ్గురిని దగ్గరికి పిలిచి, నాతో కూడ మెలకువగా ఉండమని అడిగాడు. దేవుని కుమారుడు మనుషుల తోడు కోరుకున్న రాత్రి అది. మన పిల్లలకు మాత్రం ‘దేవుడు నీతో ఉన్నాడు, ఇంకెవరూ అక్కర్లేదు’ అని చెప్పి పంపేస్తున్నాం.

మా వాక్య ధ్యాన గుంపులోని ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఒక సంస్థ లెక్కల విభాగంలో పనిచేసేది. చేయని తనిఖీని చేసినట్టు, పాత తేదీతో, ఒక కాగితం తయారైంది. పై అధికారి కోప్పడలేదు. కలం మూత తీసి, కాగితం మీద పెట్టి, ఆమె వైపు జరిపాడు. అప్పటికే నాలుగు సంతకాలు ఉన్నాయి. అయిదో గీత ఖాళీగా ఉంది. నాలుగో సంతకం సిరా ఇంకా ఆరలేదని ఆమె చెప్పినప్పుడు నాకు ఆ గది కళ్ళకు కట్టింది. ఆమె వాదించలేదు, ఎవరినీ తప్పు పట్టలేదు. ‘రెండు రోజులు సమయమివ్వండి, నిజంగా తనిఖీ చేసి, ఆ రోజు తేదీతో సంతకం పెడతాను’ అని అడిగింది. అధికారి కాగితం వెనక్కి తీసుకున్నాడు. కొన్ని వారాల తర్వాత ఆమె ఉద్యోగ ఒప్పందాన్ని సంస్థ పొడిగించలేదు.

సంఘంలో ఆమె కోసం ప్రార్థన చేశారు. ఆ తర్వాత ఒక పెద్ద మనిషి పక్కకు పిలిచి, ‘పాములవలె వివేకులై ఉండమన్నాడు కదమ్మా ప్రభువు, కాస్త సర్దుకుపోవలసింది’ అన్నారు. ఆ వాక్యంలోనే పావురాల గురించి ఉన్న సగాన్ని ఆయన చదవలేదు. నాలుగు సంతకాలు చూసి బెదరని పిల్ల ఆ ఒక్క మాటకు బెదిరిపోయింది. ‘అక్కా, నేను మూర్ఖంగా చేశానా?’ అని నన్ను అడిగింది. ఆష్ గదిలో తోడు మనిషి అటువైపు చేరడం అంటే ఇదే.

ఆమెను నిలబెట్టింది మా సంఘంలోని ఒక వృద్ధురాలు. పనిలేని ఆ నెలల్లో రోజూ రాత్రి ఫోను చేసేది. వాక్యాలు వల్లించేది కాదు, ధైర్యం చెప్పేది కూడా తక్కువే. ఇవాళ ఎక్కడెక్కడ దరఖాస్తు పెట్టావు, భోజనం చేశావా, ఇంట్లో ఏమంటున్నారు అని అడిగేది. సమాధానం పూర్తయ్యేవరకు వినేది. సంఘం అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఆ ఫోను.

మన బోధలో ఇంకొక లోటు ఉంది. మనం గెలిచినవాళ్ళ కథలే చెబుతాం. దానియేలు గుహలోంచి క్షేమంగా బయటికి వచ్చాడు. స్కాట్లాండ్ పరుగుపందెగాడు ఎరిక్ లిడెల్ 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగెత్తనని వంద మీటర్ల పందెం వదులుకున్నాడు, నాలుగు వందల మీటర్లలో స్వర్ణ పతకం గెలిచాడు. నిజమే, దేవునికి మహిమ. ఆ లిడెల్ 1945లో చైనాలో జపాను సైన్యం నడిపిన నిర్బంధ శిబిరంలో, నలభై మూడేళ్ళకే, చనిపోయాడన్న సంగతి ఎంతమంది ప్రసంగాల్లో వస్తుంది? వదులుకుంటే రెట్టింపు దొరుకుతుందని నేర్పిన పిల్లవాడు, రెట్టింపు దొరకని రోజున దేవుణ్ణి అనుమానిస్తాడు, లేదా తనను తాను అనుమానిస్తాడు. షద్రకు, మేషాకు, అబేద్నెగోలు దూరా మైదానంలోని ప్రతిమకు మొక్కబోమని రాజు ముఖం మీదే చెప్పినప్పుడు, దేవుడు రక్షించగలడు అన్నారు, ‘ఒకవేళ’ రక్షించకపోయినా మొక్కము అన్నారు. మన కూటాల్లో మొదటి మాటకు చప్పట్లు పడతాయి. రెండో మాటకు కూడా సమయమివ్వండి.

అందుకే మా గుంపులో నేను ఫ్రాంజ్ యేగర్‌స్టెట్టర్ గురించి చెబుతాను. ఆస్ట్రియాలో ఒక చిన్న గ్రామపు రైతు. ఆయనకు, భార్యకు ముగ్గురు ఆడపిల్లలు. 1938లో ఆస్ట్రియాను నాజీ జర్మనీలో కలపడంపై ఓటు జరిగినప్పుడు ఆ గ్రామంలో వద్దని ఓటేసింది ఆయన ఒక్కడే. హిట్లర్ యుద్ధం అన్యాయమైనదని, అందులో పోరాడితే పాపమని ఆయన నమ్మాడు. సైన్యంలో చేరమని పిలుపు వస్తుందని తెలిసి బిషప్పు దగ్గరికి సలహా కోసం వెళ్ళాడు. ఆ బాధ్యత నీది కాదు, కుటుంబం గురించి ఆలోచించు అన్న ధోరణిలోనే జవాబు వచ్చింది. ఊళ్ళోవాళ్ళూ అదే అన్నారు. అతడు ఒప్పుకోలేదు. 1943 ఆగస్టు 9న మరణశిక్ష అమలు చేశారు. అప్పటికి ముప్పై ఆరేళ్ళు.

ఆయన భార్య ఫ్రాంజిస్కా మొదట మనసు మార్చుకోమని బతిమాలింది. ఆయన మారడని తెలిశాక, అందరూ వాదిస్తున్నచోట తాను వాదించడం మానేసింది. నేను కూడా ఆయన పక్షాన నిలవకపోతే ఆయనకు ఎవరూ ఉండేవారు కాదు అన్నది తర్వాతి కాలంలో ఆమె చెప్పిన మాటల సారం. భర్త పోయాక ఊళ్ళో చాలామంది ఆమెనే నిందించారు. యుద్ధం ముగిసినా, నాజీలు ఓడిపోయినా, 1950 దాకా వితంతు పింఛను ఇవ్వలేదు. 2007లో రోమన్ కాథలిక్ సంఘం ఫ్రాంజ్‌ను ధన్యజీవిగా ప్రకటించినప్పుడు తొంభై నాలుగేళ్ళ ఫ్రాంజిస్కా అక్కడే ఉంది. ఆ గౌరవం మంచిదే. కాని సంఘం ఆయన పక్కన నిలవాల్సిన సంవత్సరం 1943. ఆ సంవత్సరం ఆ పని ఒక రైతు భార్య చేసింది.

ఇప్పుడు మీకు కష్టంగా తోచే మాట ఒకటి. దేనికి తలవంచకూడదో మనం పిల్లలకు సరిగ్గా నేర్పడం లేదు. దానియేలు బబులోనులో చాలావాటికి ఒప్పుకున్నాడు. బెల్తెషాజరు అన్న పేరుకు పలికాడు, కల్దీయుల భాష, విద్య నేర్చుకున్నాడు, రాజుగారి కొలువు చేశాడు. రాజు భోజనం దగ్గర ఆగాడు. అక్కడ కూడా గట్టిగా అరవలేదు, అధికారిని బతిమాలుకున్నాడు. నా తలకు ముప్పు అని ఆ అధికారి భయపడితే ఆ భయాన్ని గౌరవించి, పది రోజులు పరీక్షించి చూడమని దారి చూపాడు. ఎక్కడ ఒప్పుకోవాలో, ఎక్కడ ఆగాలో, ఆగేటప్పుడు ఎదుటి మనిషితో ఎలా మాట్లాడాలో దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం ఒక్కదానిలోనే ఉంది. మనమేమో దుస్తులు, జుట్టు, సంగీతం మీద పిల్లలతో ఏళ్ళ తరబడి యుద్ధం చేస్తాం. తప్పుడు లెక్కలు, పరీక్షలో కాపీ, బలహీనుడిని ఎగతాళి చేయడం, తనకు రావలసిన నింద ఇంకొకరి మీదికి నెట్టడం, వీటి గురించి ఎంతసేపు మాట్లాడతాం? చిన్నవాటి మీద పోరాడి అలసిన పిల్లవాడికి పెద్దదాని దగ్గర నిలబడే శక్తి మిగలదు.

లోక మర్యాద సంఘం గడప బయటే ఆగిపోతుందని కూడా అనుకోకండి. అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి భోజనం చేసేవాడు. యాకోబు దగ్గర నుంచి కొందరు రాగానే, వాళ్ళేమనుకుంటారో అన్న భయంతో వెనక్కి తగ్గి వేరైపోయాడు. బర్నబా అంతటివాడు కూడా ఆ వేషధారణలో కొట్టుకుపోయాడని గలతీ పత్రికలో ఉంది. ఆ ఒత్తిడి చేసినవాళ్ళు విశ్వాసులే. పౌలు ముఖాముఖిగా ఎదిరించాడు. మన సంఘాల్లో ఒక పిల్ల సందేహం అడిగితే ముఖాలు ముడుచుకుంటాం. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపించవద్దని యాకోబు రాస్తే, ఆ పనే చేస్తూ ఎవరూ ప్రశ్నించకూడదంటాం. సంఘంలో నలుగురి ముఖం చూసి నడవడం నేర్చుకున్న పిల్లలు బయట కూడా నలుగురి ముఖం చూసే నడుస్తారు. వాళ్ళకు మనం నేర్పిన విద్య అదే.

తలవంచినవాళ్ళ సంగతి కూడా ఉంది. క్రీ.శ. 250లో రోమా చక్రవర్తి దెకియస్ ఆజ్ఞ ప్రకారం అందరూ దేవతలకు బలి అర్పించి, అర్పించామని పత్రం తీసుకోవాలి. ఈజిప్టులో అలాంటి పత్రాలు నలభైకి పైగా దొరికాయి. ఎప్పుడూ దేవతలకు బలి అర్పిస్తూనే ఉన్నాను, ఇప్పుడు మీ ఎదుట అర్పించాను అన్న ఒకే రకం మాటలు, కింద సంతకాలు. కొందరు క్రైస్తవులు బలి ఇచ్చారు, కొందరు బలి ఇవ్వకుండానే డబ్బిచ్చి పత్రం కొనుక్కున్నారు. ఆ కాగితం ఒక్కటీ ఉంటే చాలు అనుకున్నారు. మరుసటి ఏడు కార్తేజిలో, ఆ ఊరి బిషప్పు సిప్రియన్‌తో కలిసి మిగతా బిషప్పులు కూడినప్పుడు, పడిపోయినవాళ్ళకు తలుపు మూసేయలేదు, ఏమీ జరగనట్టు వదిలేయనూ లేదు. ఒక్కొక్కరి సంగతి విడివిడిగా విచారించారు, పశ్చాత్తాపానికి దారి చూపారు. మన దగ్గర మొదటి నాలుగు సంతకాలు పెట్టినవాళ్ళలో కూడా విశ్వాసులు ఉండవచ్చు. వాళ్ళు ఆదివారం ఎవరితో చెప్పుకోవాలి? ప్రధాన యాజకుని ముంగిట బొగ్గుల మంట దగ్గర ముమ్మారు బొంకిన పేతురును ప్రభువు తిరిగి మంద కాయమన్నాడు. చెప్పుకోవడానికి చోటు లేనివాడు మళ్ళీ మళ్ళీ సంతకం పెడతాడు.

నేను అడిగేవి పెద్ద పనులు కావు. మీ సంఘంలో న్యాయం, లెక్కలు, ఉద్యోగ నియమాలు తెలిసిన విశ్వాసులు ఉన్నారు. చిక్కులో పడ్డ యౌవనస్థులు సంతకం పెట్టకముందే వాళ్ళకు ఫోను చేయగలిగేలా పేర్లు చెప్పండి. మనస్సాక్షి కోసం పని పోగొట్టుకున్నవాళ్ళకు కొన్ని నెలలు తోడ్పడడానికి కానుకల్లో కొంత విడిగా ఉంచండి. ‘ఒకని భారముల నొకడు భరించి’ అన్న వాక్యంలో ఇంటి ఖర్చులు కూడా ఉన్నాయి. ప్రతి యౌవనస్థుడికీ ఒక పెద్దవారిని జత చేయండి. ఉపదేశం ఇవ్వడానికి కాదు, వారంలో ఒక్కసారైనా ‘ఈ వారం ఎక్కడ కష్టమైంది?’ అని అడగడానికి. జవాబు విన్నాక వెంటనే సరిదిద్దకండి.

సాక్ష్యాల సమయంలో ఉద్యోగం వచ్చినవాళ్ళతో పాటు ఉద్యోగం పోయినవాళ్ళను కూడా పిలవండి. వాళ్ళ కథకు ఇంకా ముగింపు రాలేదు. ‘ఇప్పటికి ఇంతే’ అని మధ్యలో ఆపితే ఆపనివ్వండి. నేను చెప్పిన ఆ అమ్మాయి మాట్లాడడానికి సిద్ధంగా ఉంది. ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ప్రభువునందు,
మీ సహోదరి